అబద్ధం మానేసిన బుర్రయ్య

మా అత్తగారు బుర్రయ్యని తీసుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని అప్పటికి ముప్పావు గంట అయింది. బయట వ్యాను ఆగి ఉంది. పదకొండింటికి క్యాంపస్ ఆడిటోరియంలో షూటింగు. మూడు స్కూళ్ళ పిల్లలు ఈపాటికి వచ్చి కూర్చునే ఉంటారు. తార్నాకలో మా వీధి అసలే ఇరుకు. వ్యాను వెనకాల ఇరుక్కున్న ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

"అమ్మా, తలుపు తియ్యి. ఏమున్నా సాయంత్రం మాట్లాడుకుందాం," అన్నాడు మా ఆయన సురేష్. అలా అనడం పదోసారో పదకొండోసారో.

ముందు గదిలో మొగిలి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మా మామగారు రంగనాథ్ గారు యూనివర్సిటీలో ఆర్టిస్టుగా పనిచేసిన ఇరవై రెండేళ్ళూ ఆ ఆఫీసులో అటెండరు ఈ మొగిలే. మామయ్య చేసిన చేతిబొమ్మ బుర్రయ్య తలకాయకి ఎండిన సొరబుర్ర తెచ్చిచ్చింది కూడా ఇతనే, లాలాపేట్‌లో వాళ్ళింటి పందిరి మీదది. అతని పక్కన మనవరాలు దివ్య. ఎనిమిదేళ్ళ పిల్ల. నా వంక ఒక్కసారి చూసి తల దించుకుంది. నేనూ దించుకున్నాను. ఆ గదిలో తల దించుకోవలసింది ఎవరో ఆ పిల్లకి తెలియదు. నాకు తెలుసు.

మొగిలి పోట్లాటకి రాలేదు. వచ్చినా బాగుండేది. నాలుగు తిట్లు తిని ఊరుకుందును.

దివ్యకి మాట తడబడుతుంది. మొదటి అక్షరం దగ్గరే నోరు పట్టేస్తుంది. చురుకు టానిక్ రోజూ రెండు చెంచాలు తాగితే నాలుక గుర్రంలా పరిగెడుతుందని ఆగస్టులో మా బుర్రయ్య టీవీలో చెప్పాడు. ఆ పిల్ల రెండు నెలలు ఒక్కరోజు మానకుండా తాగింది. పోయిన గురువారం స్కూల్లో ప్రతిజ్ఞ ఎవరు చెబుతారని అడిగితే తనంతట తనే చెయ్యెత్తిందట. మూడేళ్ళలో ఎప్పుడూ ఎత్తని చెయ్యి. బడి మొత్తం ముందు నిలబడి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. వాళ్ళని చూసి టీచరు కూడా నవ్విందట.

"ఇంటికొచ్చి ఒక్కటే మాటన్నదమ్మా," అన్నాడు మొగిలి. "బుర్రయ్య అబద్ధమని అన్లే గద తాతా, నేనే సక్కగ తాగలే కావొచ్చు అన్నది. గంతే. నాలుగు దినాలాయె, మల్ల నోరు తెరుస్తలేదు."

అతను అడిగింది చాలా చిన్నది. ఆ పిల్లకి అది అబద్ధమని బుర్రయ్య చేత ఒక్కసారి చెప్పించమన్నాడు. ఇంట్లో అందరూ చెప్పి చూశారట. సమ్మక్క, అంటే అతని భార్య, టానిక్ సీసా తీసుకెళ్ళి మోరీలో ఒంపేసిందట కూడా. పిల్ల నమ్మలేదు. బుర్రయ్య చెబితేనే నమ్ముతుంది. అదంతా విన్నాకే అత్తయ్య బుర్రయ్యని తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఎందుకు నమ్మదో నాకు బాగా తెలుసు. బుర్రయ్య పనే సొరకాయలు కోయడం. చార్మినార్‌ని చంకలో పెట్టుకుని అనంతపురం దాకా నడిచానంటాడు, తుంగభద్రని ఒక్క గుక్కలో తాగేసి తేనుపు తెచ్చుకున్నానంటాడు. పిల్లలందరూ అబద్ధం, అబద్ధం అని అరుస్తారు. అప్పుడు రెండు గుడ్డ చేతులతో మొహం కప్పుకుని, మెడ వంచి, "అబద్దమేలేప్పా" అంటాడు. ఎనిమిదేళ్ళు ప్రతి ఆదివారం ఆట అలాగే ముగిసింది. గోదావరి పిల్లలూ, వరంగల్ పిల్లలూ కూడా దొంగతనంగా జామకాయ కోసి పట్టుబడితే ఆ సీమ మాటే అని మొహం కప్పుకునేవారు. ఆ మాట అన్నాడంటే అబద్ధం. అనలేదంటే నిజం. పిల్లలకి బుర్రయ్య దగ్గర ఉన్న లెక్క అంతే.

మామయ్య జనవరిలో పోయారు. వేసవి మొదట్లో ఆటకి డబ్బు పెడతామంటూ టానిక్ కంపెనీ వాళ్ళు వచ్చారు. టానిక్ గొప్పలు చెప్పే బొమ్మ చివర్న అబద్దమేలేప్పా అంటే వాళ్ళకెలా కుదురుతుంది? ఆ మాట తీసేశాం.

తీసేశాం అంటున్నాను చూడండి, నా మొహం. తీసింది నేను.

సురేష్ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించాడు. మామయ్య పోయాక బుర్రయ్యని ఆడించేదీ, గొంతు ఇచ్చేదీ అతనే. కంపెనీతో కాగితం రాసుకున్నామనీ, టానిక్ మాట అబద్ధమని బుర్రయ్య చేత అనిపిస్తే ఆదివారం ఆట ఆగిపోతుందనీ అన్నాడు. మొగిలికి నచ్చజెప్పి పంపించెయ్యమన్నాడు.

"మీ చేతికి తొడుక్కుని ఇక్కడే, ఈ గదిలో చెప్పండి. టీవీలో కాదుగా," అన్నాను.

"రేపు ఆ పిల్ల వీధంతా చెబుతుంది."

"చెప్పడానికి నోరు పెగలడం లేదనేగా వచ్చారు."

ఆ మాటకి మొహం తిప్పుకున్నాడు. "అయినా మనం సొంతంగా ఏం చేశాం సుధా? నాన్న చెప్పిందే కదా చేశాం," అన్నాడు. "పోయిన మనిషిని ఇప్పుడు తప్పు పడదామా?"

నేను గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను. కడిగినవే మళ్ళీ కడిగాను. తేలు కుట్టిన దొంగకి కేక ఎక్కడుంటుంది?

ఆ సంగతి ఇన్నాళ్ళూ దాచాను. ఇంకెన్నాళ్ళు దాస్తాను?

మాది భీమవరం వైపు. ఎమ్మే తెలుగు చదివాను. ఇదే క్యాంపస్‌లో ఆరేళ్ళుగా పిహెచ్‌డీ చేస్తూనే ఉన్నాను, అది తెమిలే రకం కాదు. ఆట మొదలైన కొత్తలో బుర్రయ్య భాష వింటే నవ్వొచ్చేది. చెప్పల్ల, పోవల్ల, లేప్పా... టీవీలో ఇదేం మాటతీరు అనుకునేదాన్ని. పైకి అనలేదు. కంపెనీ తరఫున రవికాంత్ అనే అతను వచ్చి, "మేడమ్, మీరు రాయండి, మీ భాషలో ఉన్న మర్యాద బొమ్మకి రావాలి," అనేసరికి నా కాళ్ళు నేల మీద ఆగలేదు. మొదటి రెండు వారాలు "అబద్ధమేనండీ" అనిపించాను. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని చూశారు. మూడో వారం ఆ మాట మొత్తానికే వద్దన్నాడు రవికాంత్. సరేనన్నాను. ఆదివారం సాయంత్రం తెర మీద రచన అని నా పేరు పడుతోంది. మా వీధిలో ఆడవాళ్ళు గుర్తుపట్టి పలకరిస్తున్నారు. ఆ పేరు కోసం ఏదైనా సరేననేదాన్నేమో.

అత్తయ్య మాత్రం పట్టుబట్టింది. ఆ మాట తీసేస్తే ఇంక బుర్రయ్య ఏంటికి, పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి అంది. రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు నేను పక్కన కూర్చుని, మామయ్యే ఆస్పత్రిలో నాతో చెప్పారత్తయ్యా, ఇంక ఆ మాట తీసెయ్యమ్మా అని, అన్నాను. పట్టుమని అరనిమిషం పట్టలేదు ఆ ముక్క అనడానికి. "ఆయనే అన్నాడా?" అని ఒక్కసారి అడిగింది. అవునన్నాను. మళ్ళీ అడగలేదు. ఆవేళ నుంచీ ఇంట్లో మామయ్య మాటే ఎత్తడం మానేసింది. దుఃఖంలో ఉందని సురేష్ అనుకున్నాడు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

ఇంతలో రవికాంత్ వచ్చాడు, నడుముకి పేజరూ, చొక్కా నిండా సెంటూ వేసుకుని. కాచిగూడ ఆఫీసు నుంచి పొద్దున్నే రెండుసార్లు పేజ్ చేశారట. గదిలో కింద కూర్చున్న మొగిలినీ, పిల్లనీ చూసి వీళ్ళెవరన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. సురేష్ చుట్టాలన్నాడు. ఆ అబద్ధానికి మొగిలే సిగ్గుపడి ఇంకాస్త ముడుచుకున్నాడు.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

అత్తయ్య స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. బుర్రయ్యని తువ్వాల్లో చుట్టి పట్టుకుంది. ఎవరి వంకా చూడకుండా తిన్నగా వెళ్ళి దివ్య ఎదురుగా నేల మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కింద కూర్చుని ఏడాది దాటింది.

"మొగిలీ, తప్పు మాది," అంది. "నువ్వు అడగాల్సింది సురేష్‌ను కాదు. మా ఇంటాయన పోతా పోతా ఆ మాట తీసేయమని చెప్పి పోయినాడు. ఏంటికి చెప్పినాడో నాకు ఇప్పటికీ అర్థం గాలేదు. నీ మనవరాలి ఉసురు ఆయనకు తగలగూడదు."

మొగిలి రెండు చేతులూ ఎత్తేశాడు. "గట్లనకు జయమ్మా, సారు దేవుడసొంటోడు," అన్నాడు.

"దేవుడైతే ఆ మాట చెప్పడు." అత్తయ్య గొంతులో తడి లేదు. అదే నాకు భయం వేసింది. "నేనూ వస్తా షూటింగ్‌కు. పిల్లోల్లందరి ముందరా నేనే చెప్తా. బుర్రయ్య ఇన్ని నెలలు చెప్పింది అబద్ధమనీ, వాన్ని ఒప్పుకోనీకుండా చేసింది మా ఆయన అనీ చెప్తా. తప్పు చేసినాయన లేడు, నేనుండా కదా."

సురేష్ కుదరదన్నాడు. నాన్న పరువు తీస్తావా అన్నాడు. అత్తయ్య వినలేదు. విచిత్రమేమిటంటే రవికాంత్ ఎగిరి గంతేశాడు. ఆవిడ చెప్పింది అతను సగమే విన్నాడు. అమ్మగారు స్టేజీ ఎక్కి రెండు ముక్కలు మాట్లాడితే సెంటిమెంటు బ్రహ్మాండంగా పండుతుంది అన్నాడు. వద్దనుకున్న ముక్క తర్వాత కత్తిరించుకోవచ్చని సురేష్ చెవిలో ఊదాడు. అది నాకు వినబడింది.

వ్యాన్లో అత్తయ్య పక్కన దివ్యని కూర్చోబెట్టుకుని బుర్రయ్యని దాని ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల ముట్టుకోవడానికి భయపడి, తర్వాత ఒక వేలితో సొరబుర్ర మీద మెల్లిగా నిమిరింది. మొగిలి వెనక సీట్లో ఒద్దికగా కూర్చున్నాడు. సురేష్ ముందు కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. క్యాంపస్ గేటు దాటాక రోడ్డు పక్క చెట్ల కింద విద్యార్థులు కాగితాలు ముందేసుకుని చదువుకుంటున్నారు. నాకు దిగిపోదామనిపించింది. దిగి ఎటు పోతాను?

చెప్పెయ్యి, చెప్పెయ్యి అని లోపల ఒకటే పోరు. నోరు తెరిస్తే సురేష్ వింటాడు, మొగిలి వింటాడు. దివ్య వింటుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ వెయ్యిసార్లు అనేది. కాలు కడుక్కోవడానికి కూడా ధైర్యం కావాలని చెప్పలేదు.

అత్తయ్యే నా వైపు వంగి మెల్లిగా మాట్లాడింది. "ముప్పై ఆరేండ్లు కాపరం చేసినాము సుధా. నెల జీతంలో పది రూపాయలు తగ్గినా నాకు చెప్పినాడు. సిగరెట్టు తాగొస్తే తాగినానని చెప్పినాడు. ఆ బొమ్మకు ఆ మాట నేర్పిందే ఆయన. అబద్ధమాడేది పెద్ద తప్పు గాదు జయా, ఒప్పుకోకుంటేనే తప్పు అనేవాడు. అంతటి మనిషికి పోయే ముందర ఏం బుద్ధి పుట్టింది? టానిక్కోళ్ళు ముందరే వచ్చి కలిసినారేమో. నాకు చెప్పకుండా ఒప్పుకున్నాడేమో. ఇంగ ఏమేం దాచినాడో."

నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. పోయినాయన మీద ఆవిడకి అంత అనుమానం పెట్టింది నేను. వ్యాన్లోంచి దూకి చచ్చినా ఆ సిగ్గు తీరదనిపించింది.

ఆడిటోరియం నిండిపోయింది. పిల్లలు చప్పట్లు కొడుతూ బుర్రయ్యా, బుర్రయ్యా అని ఒకటే గోల. మొగిలినీ దివ్యనీ ముందు వరసలో కూర్చోబెట్టారు. సురేష్ కెమెరా వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. స్టేజీ మీద తెర ఇంకా వేసే ఉంది. తెర వెనక అత్తయ్యా నేనూ మాత్రం మిగిలాం. ఆవిడ కొంగు సర్దుకుని, బుర్రయ్యని గుండెకి ఆనించుకుని, నేను పిలిచేలోపే రెండడుగులు వేసింది.

"అత్తయ్యా," అన్నాను. "మామయ్య ఆ మాట అనలేదు."

వెనక్కి తిరిగింది. గోలలో సరిగ్గా వినబడలేదనుకుంది. "ఏ మాట?"

"అబద్దమేలేప్పా తీసెయ్యమని. ఆయన అనలేదు. నేనే కల్పించి చెప్పాను."

అత్తయ్య నన్ను చూస్తూ నిలబడింది. ఎందుకని అడగలేదు. అయినా నేనే చెప్పేశాను, ఎక్కడ ఆగాలో తెలియక. రవికాంత్ పొగిడాడని చెప్పాను, టీవీలో పేరు పడుతుందని ఆశపడ్డానని చెప్పాను, ఆ లేప్పా అనే మాట నాకు మోటుగా అనిపించిందని కూడా చెప్పాను. ఆ చివరిది చెప్పనక్కర్లేదు. నా నోటికి అదుపు ఎప్పుడుంది కనక. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది, ఆవిడ కాస్త మెత్తబడుతుందేమోనని. అలా అనిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

"మల్ల ఆస్పత్రిలో నీతో ఏమన్నాడు?" అంది.

"బుర్రయ్య మెడ దగ్గర కుట్టు ఊడింది, కుట్టమన్నారు. అంతే."

అత్తయ్య బుర్రయ్యని తిప్పి, చొక్కా కాలరు ఎత్తి చూసింది. కుట్టు ఊడినచోట ఊడినట్టే ఉంది. సురేష్ ఎప్పుడో పెట్టిన పిన్నీసు తుప్పు పట్టి గుడ్డకి అంటుకుపోయింది. పది నెలల్లో నాకు ఆ రెండు కుట్లు వేసే తీరిక లేకపోయింది.

ఆవిడ పిన్నీసు తియ్యలేదు. కాలరు మళ్ళీ కిందికి దించి, చేత్తో మెల్లిగా అదిమింది.

"నువ్వు ఆ మాట చెప్పినాక ఏడు మాసికాలు పెట్టినాము," అంది. "ఏడుసార్లూ మడి గట్టుకోని, ఆయనను తిట్టుకుంటా వండినాను. విస్తట్లో వడ్డించేటప్పుడు గూడా తిట్టుకుంటానే వడ్డించినాను. నాకు అబద్ధం చెప్పి పోయినావు, తిను అనుకుంటిని. ఒక్కసారన్నా మనసారా పెట్టలేదు సుధా."

కాళ్ళ మీద పడబోయాను. ఆవిడ వెనక్కి జరిగింది. నా చెయ్యి తగలకూడదన్నట్టు చీర కుచ్చెళ్ళు కూడా దగ్గరికి లాక్కుంది. పన్నెండేళ్ళ కాపరంలో ఆవిడ నన్ను ఒక్కమాట అన్నది లేదు, ఒక్క అడుగు దూరం జరిగిందీ లేదు.

తెర అవతల రవికాంత్ మైకు అందుకున్నాడు. బుర్రయ్యని మనకిచ్చిన రంగనాథ్ గారి శ్రీమతి జయమ్మగారు మీతో మాట్లాడతారు, అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి అన్నాడు. చప్పట్లు మోగాయి. తాడు దగ్గర నిలబడ్డతను లాగమంటారా అన్నట్టు మా వంక చూశాడు. ఎవరం జవాబు చెప్పలేదు. అదే సరేననుకుని లాగడం మొదలుపెట్టాడు.

అత్తయ్య కదల్లేదు. బుర్రయ్యని నాకివ్వలేదు, తన చేతికీ తొడుక్కోలేదు.

"నేను ఆయన తప్పు చెప్పుకుందామని వచ్చినాను," అంది. "ఆయన తప్పే లేదంటివి. ఇప్పుడు ఆ పిల్ల ముందరికి పోయి నేనేం చెప్పల్ల? రాసేదానివి నువ్వే గదా. చెప్పు."

తెర పక్కకి తప్పుకుంది. ముందు వరసలో దివ్య లేచి నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది.